క్లాసికల్ గిటార్: కుడిచేత్తో తీగ మీటే ముందు

ముందు తీగలు చూసుకోండి. క్లాసికల్ గిటార్‌కి నైలాన్ తీగలే వేయాలి. స్టీలు తీగలు బిగిస్తే ఆ లాగుడుకి బ్రిడ్జి (పలక మీద తీగలు కట్టే చెక్క) ఊడొచ్చే ప్రమాదం ఉంది.

☐ కుడిచేతి గోళ్లు వేలి కొస దాటి ఒకటి, రెండు మిల్లీమీటర్లు ఉంటే చాలు. అంచు గరుగ్గా ఉంటే తీగ గీరినట్టు మోగుతుంది. సన్నటి సాండ్‌పేపర్‌తో రుద్ది, గోటిని పాత చీర మీద లాగి చూడండి. దారం తగులుకుందా, ఇంకా రుద్దాలి. గోళ్లు విరిగిపోయేవాళ్లు దిగులు పడక్కర్లేదు. స్పెయిన్ వాద్యకారుడు టారెగా చివరి ఏళ్లలో గోళ్లు తీసేసి వేలి కొసలతోనే వాయించారు.

☐ ఎడమ పాదం కింద చిన్న పీట, ఎడమ తొడ మీద గిటార్.

☐ మణికట్టు పక్కకి వంగకూడదు. భుజం బిగుసుకుందేమో చూసుకోండి, టెన్షన్ మొదలయ్యేది అక్కడే.

☐ బొటనవేలు మిగతా వేళ్లకన్నా కాస్త గిటార్ మెడ వైపు ఉండాలి. లేదంటే చూపుడువేలికి కొట్టుకుంటుంది.

☐ చిటికెనవేలిని పలక మీద ఆనించొద్దు. ఈ అలవాటు పడితే వదలదు.

☐ ఏ స్ట్రోకో ముందే తేల్చుకోండి. అపోయాండోలో మీటిన వేలు పైనున్న తీగ మీద వాలి ఆగుతుంది. తిరాండోలో దేన్నీ తాకకుండా అరచేతి వైపు వెళ్తుంది. ఆర్పెజియోలో, అంటే తీగల్ని ఒకదాని తర్వాత ఒకటి మీటి కలిసి మోగనిచ్చేటప్పుడు, అపోయాండో వాడితే పక్క తీగ నోరు నొక్కేసినట్టే.

☐ మొదట్లో పది నిమిషాలు చాలు. నొప్పి వస్తే ఆపేయండి.