సూపర్‌హీరో బెంగళూరుకొస్తే: కథలో అధికారం లెక్క తేల్చుకునే పద్ధతి

సూపర్‌హీరో కథలో రాజకీయం డైలాగుల్లో ఉండదు. హీరో దేన్ని నేరం అనుకుంటాడు, దేన్ని చూసీచూడనట్టు వదిలేస్తాడు అన్నచోట ఉంటుంది. బెంగళూరు నేపథ్యంగా 20 పేజీల తెలుగు కామిక్ రాద్దామనుకునేవాళ్లు బొమ్మల జోలికి వెళ్లకముందే ఈ లెక్క తేల్చుకోవాలి. పేజీకి ఐదు ప్యానెళ్లు (బొమ్మల గళ్లు) వేసుకున్నా మొత్తం వంద. గీసేశాక కథ మార్చడమంటే ఆర్టిస్టుతో గొడవే.

ముందు నేరాన్ని ఎంచుకోండి, హీరోని తర్వాత. 1938లో జెర్రీ సీగెల్, జో షుస్టర్‌ల సూపర్‌మ్యాన్ అచ్చులోకి వచ్చినప్పుడు, తొలి కథల్లో అతను పట్టుకున్నది గని యజమానినీ, ఆయుధాల వ్యాపారినీ, అమ్ముడుపోయిన సెనేటర్‌నీ. 1954లో అమెరికా ప్రచురణకర్తలు తమకు తామే ఒక కోడ్ పెట్టుకున్నారు: పోలీసుల మీద, జడ్జీల మీద, ప్రభుత్వాధికారుల మీద గౌరవం పోయేలా ఏదీ చూపించకూడదు. అలాంటి కంచె లోపల రాసేవాడికి బ్యాంకు దొంగా, పిచ్చి శాస్త్రవేత్తా తేలిగ్గా దొరుకుతారు. కోడ్ ఎప్పుడో పోయింది, అలవాటు పోలేదు. మొదటి పేజీలో చెయిన్ స్నాచర్‌ని పట్టుకునే సీను మీకూ తట్టి ఉంటే అది ఆ అలవాటే.

బెంగళూరులో నీళ్లను మించిన నేరం దొరకదు. కావేరి నీళ్లు సుమారు వంద కిలోమీటర్ల దూరం నుంచి పంపుల మీద పైకెక్కి ఊళ్లోకి వస్తాయి. 2007లో నగరంలో కలిపిన 110 గ్రామాల కోసం కట్టిన కావేరి నీటి పథకం ఐదో దశ 2024 అక్టోబరులో గానీ మొదలవలేదు. అందాకా బోర్లూ ట్యాంకర్లే దిక్కు. 2024 మార్చి ఎద్దడిలో జిల్లా యంత్రాంగం ట్యాంకర్ రేట్లు కట్టేసింది: 5 కిలోమీటర్ల లోపు 6,000 లీటర్లకు 600 రూపాయలు, 12,000 లీటర్లకు 1,000.

'ట్యాంకర్ మాఫియా' అనగానే హీరో రాత్రికి రాత్రి పది ట్యాంకర్లు ఎత్తి కుదేసే సీను కళ్లముందుకొస్తుంది. రాయండి, తప్పులేదు. వెంటనే మర్నాడు పొద్దున ఆరింటి సీను కూడా రాయండి. మనిషికి రోజుకు 100 లీటర్లు అనుకున్నా, ఒక 12,000 లీటర్ల ట్యాంకర్ 120 మందికి సరిపోతుంది. పది పోతే 1,200 మందికి నీళ్లు లేవు. మారతహళ్లి ఆంధ్రా పీజీలో బకెట్లు పట్టుకుని నిలబడ్డ కుర్రాళ్లు మీ హీరోని ఏమని తిడతారో ఆ సీన్లో వినపడాలి.

తర్వాత ఒక కాగితం మీద గొలుసు గీయండి. ట్యాంకర్ డ్రైవర్, ట్యాంకర్ ఓనరు, బోరున్న స్థలం ఓనరు, కాంట్రాక్టు మీద సంతకం పెట్టే అపార్ట్‌మెంట్ అసోసియేషన్, వాటర్ బోర్డు ఇంజనీరు, వీధిలో వాల్వ్ తిప్పే మనిషి. ఒక్కొక్కరి పక్కన మూడు మాటలు రాయండి: ఏం మిగులుతుంది, దేనికి భయపడతాడు, ఇబ్బందొస్తే ఎవరికి ఫోన్ చేస్తాడు. వీళ్లలో కథకు ఎక్కువ పనికొచ్చేది వాల్వ్‌మ్యాన్. జీతం చిన్నదే, కానీ ఏ వీధికి ఎంతసేపు నీళ్లన్నది అతని చేతిలోని కీ చెబుతుంది. వెనకటికి చెరువు కింద నీరుగంటి చేసిన పనే ఇది. ఇంత గొలుసుండగా హీరో చెంపదెబ్బ డ్రైవర్‌కి మాత్రమే తగిలితే, మీరు గీయకుండానే కథ ఓనరు పక్షం చేరిపోయింది.

హీరోకి మనుషుల్ని పట్టుకునే హక్కు ఎవరిచ్చారు? భారతీయ నాగరిక సురక్షా సంహిత 40వ సెక్షన్ ప్రకారం మామూలు మనిషి కూడా అరెస్టు చేయొచ్చు. తన కళ్లముందు జరిగిన, బెయిలు హక్కుగా దొరకని, పోలీసులు వారంటు లేకుండా పట్టుకోగల నేరమై ఉండాలి. ఆరు గంటల్లోగా పోలీసులకు అప్పగించాలి. గోడౌన్లో రాత్రంతా వేలాడదీసి నిజం కక్కించే సీను పెడితే హీరో గీత దాటినట్టే. దాటించండి, కానీ దాటాడని కథకు తెలియాలి: కేసు వీగిపోవడమో, హీరోకి స్నేహితురాలైన లాయరు మాట్లాడటం మానేయడమో.

జవాబుదారీ అన్నది ఈ ఊళ్లో మరీ పదునైన ప్రశ్న. 2020 సెప్టెంబరులో పాలికె (నగర పాలక సంస్థ) పదవీకాలం ముగిశాక ఏళ్ల తరబడి కార్పొరేటర్లే లేరు. 2025 సెప్టెంబరులో ఒక పాలికె ఐదైంది. ఎన్నిక కాని అధికారి, ఎన్నిక కాని హీరో ఒకే టేబుల్ దగ్గర కూర్చునే సీను మూడు పేజీలైనా రాయదగ్గది. జనాభిమానం కుర్చీ దాకా ఎంత వేగంగా నడుస్తుందో తెలుగు పాఠకులకు వేరే చెప్పక్కర్లేదు: 1982 మార్చిలో ఎన్టీఆర్ పార్టీ పెట్టారు, 1983 జనవరికల్లా ముఖ్యమంత్రి. మీ హీరో ఫ్లెక్సీ ఎవరు కట్టిస్తున్నారో కూడా ఒక ప్యానెల్లో చూపించండి.

ఎక్కువ స్క్రిప్టులు చెడేది విలన్ దగ్గర. విలన్ నోట న్యాయమైన మాట పెడతారు, "మా వీధికి నీళ్లేవీ?" అని. అది బాగా తగలడంతో రచయితకు భయం పట్టుకుని, పదిహేనో పేజీలో వాడిచేత స్కూలు పేల్పిస్తాడు. దాంతో అడిగినవాడే ప్రమాదకారి అన్న అర్థం మిగిలిపోతుంది. పరీక్ష ఇది: ఆ ఘోరాన్ని కొట్టేసి చదవండి. విలన్ అడిగింది జవాబు లేకుండా నిలబడే ఉంటే, అదే మాటను ఆయుధం లేని ఇంకొకరిచేత అడిగించండి. రేకుల షెడ్డులో ఉంటూ బిందెల లెక్కన నీళ్లు కొనుక్కునే పాలమూరు మేస్త్రీ భార్య అడగొచ్చు. హీరో ఆమెకేం చెబుతాడో అదే మీ ముగింపు.

భాష దగ్గర ఇంకో గొయ్యి ఉంది. హీరో తెలుగువాడు, డ్రైవరూ వాల్వ్‌మ్యానూ కన్నడిగులు అయితే నీళ్ల కథ కాస్తా భాషల తగవైపోతుంది. అటూ ఇటూ కలపండి: బోరు ఓనరు నెల్లూరాయన, సాయం చేసే వాల్వ్‌మ్యాన్ కన్నడిగుడు. "నీరు బందిల్ల" అని మాటల బెలూన్లో అలాగే వదిలేయండి, అందరికీ అర్థమవుతుంది. తెలుగు మాటలు పొడుగు కాబట్టి బెలూన్‌కి పదిహేను మాటలు దాటనివ్వకండి.

స్క్రిప్టు పూర్తయ్యాక మొదటి పేజీ, చివరి పేజీ పక్కపక్కన పెట్టి వాల్వ్ కీ ఎవరి చేతిలో ఉందో చూడండి. అదే చేతిలో ఉంటే అది మీరు కావాలని చేశారా, మరిచిపోయారా అన్నది తేల్చుకోండి. ఆపైన పీజీలో ఉండే ఒకరికి, అపార్ట్‌మెంట్ అసోసియేషన్లో ఉన్న ఒకరికి, వాహనం నడిపే ఒకరికి చదివి వినిపించి, "తప్పెవరిది?" అని మాత్రమే అడగండి. ముగ్గురూ ఒకే పేరు చెబితే గొలుసు కాగితం మళ్లీ తీయాలి.