భువనగిరి కోట పొద్దున్నే ఎక్కి మధ్యాహ్నానికి దిగడం ఎలా?

హైదరాబాద్ నుంచి వరంగల్ దారిలో సుమారు 50 కిలోమీటర్లు వెళ్తే, బస్సు కిటికీలోంచే కనిపిస్తుంది. ఊరి పక్కనే ఒకే ఒక్క రాతి గుండు, దాని నెత్తిన కోట. ఎక్కడికక్కడ ఉత్త బండ, నీడ తక్కువ. పది దాటాక ఎండ పైనుంచే కాదు, కాళ్ల కింద నుంచీ కొడుతుంది. కాబట్టి ప్లాన్ మొత్తం ఎండను చూసుకునే వేసుకోవాలి.

1. ముందు నెల చూసుకోండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయి. ఏప్రిల్, మే నెలల్లో వద్దే వద్దు. వానాకాలంలో చుట్టూ పచ్చగా చాలా అందంగా ఉంటుంది గానీ తడిసిన బండ జారుతుంది. వాన పడుతుంటే మాత్రం నేను పిల్లల్నీ పెద్దల్నీ తీసుకెళ్లను.

2. ముందురోజు సాయంత్రమే బూట్లు తీసి చూడండి. ఈ మాట ఊరికే చెప్పట్లేదు. పోయిన డిసెంబరులో సగం ఎక్కాక మా తమ్ముడి బూటు అడుగు ఊడి వేలాడింది. మూడేళ్లుగా మంచం కింద పడి ఉన్న జత అది, జిగురు ఎండిపోయింది. చేతి రుమాలుతో బిగించి కట్టి, రెయిలింగ్ పట్టించి, అడుగులో అడుగు వేయిస్తూ దింపేసరికి అందరికీ టెన్షనే. బూటును రెండు చేతులతో వంచండి. అడుగు అతుక్కున్న చోట సన్నటి సందు కనిపించినా పక్కన పెట్టేయండి.

3. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, కాస్త పులిహోర, టోపీ. అన్నీ వీపు సంచిలోనే పెట్టుకోండి, చేతులు ఖాళీగా ఉండాలి. తినేవి చేతిలో కవర్లో పట్టుకుంటే కోతులు లాక్కుంటాయి.

4. ఉప్పల్‌లో వరంగల్, యాదగిరిగుట్ట వైపు బస్సులు దొరుకుతాయి. రైలైతే సికింద్రాబాద్ నుంచి కాజీపేట వైపు వెళ్లేది ఎక్కాలి, అన్నీ భువనగిరిలో ఆగవు, చూసుకోండి. కోట తెరిచే వేళకే గేటు దగ్గర ఉండాలి.

5. ఎత్తు 500 అడుగుల పైనే. ఆయాసం వచ్చాక కాదు, రాకముందే ఆగండి. ద్వారం నీడ, గోడ నీడ ఎక్కడ దొరికితే అక్కడ రెండు నిమిషాలు కూర్చోండి, రెండు గుక్కలు తాగండి.

ఈ కోట పేరు వెనక ఒక రాజున్నాడు. పశ్చిమ చాళుక్యుల ఆరో విక్రమాదిత్యుడు 1076 నుంచి 1126 వరకు ఏలాడు. త్రిభువనమల్లుడనేది ఆయన బిరుదు. త్రిభువనగిరి, భువనగిరి అన్న పేర్లు అందులోంచి వచ్చినవే. పైకి చేరాక అందరూ ఫొటోల కోసం అంచుకు పరుగెత్తుతారు. మీరు మాత్రం ముందు నీటి గుంటల దగ్గర ఆగండి. బండ వాలు మీద పడ్డ వాన ఎటు జారి ఎక్కడ చేరుతుందో కాసేపు చూపుతో వెంబడించండి. ఊట లేని రాతి మీద కోటలో ఉన్నవాళ్లు ఎలా బతికారో అక్కడే అర్థమవుతుంది. గోడల మీద పేర్లు చెక్కేవాళ్లు కనిపిస్తే దయచేసి ఆపండి.

6. పదకొండు లోపే దిగడం మొదలుపెట్టండి. మోకాళ్లకు ఎక్కడం కన్నా ఇదే కష్టం. నిటారు చోట పక్కకు తిరిగి, పాదం మొత్తం ఆన్చి, రెయిలింగ్ వదలకుండా దిగాలి. పిల్లలకు ఒక మెట్టు కింద ఎప్పుడూ ఒక పెద్దవాళ్లు ఉండాలి.