ఊరి రోడ్డు పనుల లెక్కలు కోరేందుకు సమాచార హక్కు దరఖాస్తు విధానం

పంచాయతీ లేదా మున్సిపాలిటీ వేసిన సిమెంటు రోడ్డు ఏడాది తిరగకముందే పెచ్చులూడిపోతే, కొత్తగా కట్టిన మురుగుకాలువలో నీరు పారకుండా నిలిచిపోతే, ఆ పనికి ఎంత మంజూరైంది, ఎంత పని జరిగినట్టు కొలతలు రాశారు, ఎంత బిల్లు చెల్లించారు అని అడిగి కాగితాలు తీసుకునే హక్కు ప్రతి పౌరుడికీ ఉంది. 2005 అక్టోబరు 12 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చిన సమాచార హక్కు చట్టం ఇందుకు ఆధారం. అసలు ఈ చట్టం కోసం పోరాటం మొదలైంది కూడా ఊరి పనుల లెక్కల దగ్గరే. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల, రైతుల సంఘం 1994 డిసెంబరులో కోట్ కిరానా గ్రామంలో బహిరంగ విచారణ పెట్టి, పనుల రికార్డులను ఊరివాళ్ల ముందే చదివి వినిపించింది. ఆ రికార్డుల నకళ్లు అందరికీ ఇవ్వాలని 1996లో బ్యావర్ పట్టణంలో నలభై రోజులు ధర్నా జరిగింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఒక రోడ్డు పని గురించి దరఖాస్తు ఎలా పెట్టాలో ఇక్కడ వివరిస్తున్నాను.

దరఖాస్తు రాసే ముందు ఒక విషయం గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఈ చట్టం కింద అడగవలసింది రికార్డును, సంజాయిషీని కాదు. "రోడ్డు ఎందుకు పాడైంది?", "నాసిరకంగా ఎందుకు వేశారు?" అని రాస్తే, అది సమాచారం కిందికి రాదని అధికారి ఒక్క వాక్యంతో తిప్పి పంపగలరు. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులో 2010 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఇదే: ఒక నిర్ణయం ఎందుకు తీసుకున్నారని దరఖాస్తుదారు అడగలేరు, రికార్డులో ఉన్నదాన్ని మాత్రమే కోరగలరు. కాబట్టి ప్రశ్న వేయడం మానేసి, ఆ ప్రశ్నకు జవాబు ఏ కాగితంలో ఉందో ఆ కాగితాన్ని, కార్యాలయంలో దాన్ని ఏ పేరుతో పిలుస్తారో ఆ పేరుతోనే అడగాలి.

రోడ్డు పనికి సంబంధించినంత వరకు ఆ కాగితాలు కొన్నే: పరిపాలనా మంజూరు (పనికి, దాని ఖర్చుకు అనుమతి) ఉత్తర్వు, సాంకేతిక మంజూరు (ఇంజినీర్ల ఆమోదం) పొందిన ఎస్టిమేట్ అంటే ఖర్చు అంచనా, కాంట్రాక్టు అగ్రిమెంటు, వర్క్ ఆర్డరు, ఎం-బుక్ అని పిలిచే కొలతల పుస్తకం, క్వాలిటీ కంట్రోల్ నివేదిక, చెల్లించిన బిల్లు. వీటిలో ప్రాణం లాంటిది ఎం-బుక్. ప్రతి ఎం-బుక్‌కూ ఒక నంబరు, పేజీలకు వరుస నంబర్లు ఉంటాయి. ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) స్వయంగా కొలిచి పొడవు, వెడల్పు, మందం, పరిమాణం గడుల్లో తేదీతో సహా రాయాలి. తప్పు పడితే చెరపకూడదు, కొట్టివేసి పక్కన సంతకం చేయాలి. ఆ తర్వాత పై ఇంజినీరు సరిచూసినట్టు సంతకం చేయాలి. బిల్లు చెల్లించేది ఈ అంకెల మీదే.

ఉదాహరణకు ఎం-బుక్‌లో 120 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 0.15 మీటర్ల మందం అని ఉంటే 72 ఘనపు మీటర్ల కాంక్రీటు పోసినట్టు లెక్క. మీరు వీధిలో టేపు పట్టి కొలిస్తే వెడల్పు 3.6 మీటర్లు, అంచు పగిలినచోట మందం 10 సెంటీమీటర్లు మాత్రమే తేలిందనుకోండి. రోడ్డంతా అదే మందం ఉంటే పోసింది 43.2 ఘనపు మీటర్లే. మిగతా 28.8 ఘనపు మీటర్ల గురించి గ్రామసభలో అడగడానికి ఇక ఆవేశం అక్కర్లేదు, ఎం-బుక్ పేజీ నకలు చాలు.

దరఖాస్తు ఎవరికి పెట్టాలన్న దగ్గర చాలామంది తడబడతారు. ఈ దరఖాస్తులు తీసుకుని సమాచారం ఇవ్వవలసిన అధికారిని పౌర సమాచార అధికారి అంటారు. గ్రామ పంచాయతీలో ఆ అధికారిగా సాధారణంగా పంచాయతీ కార్యదర్శి ఉంటారు. తీర్మానాలు, చెల్లింపుల వివరాలు వారి దగ్గర దొరుకుతాయి. ఎస్టిమేట్, ఎం-బుక్ మాత్రం ఎక్కువగా పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ విభాగం కార్యాలయంలో ఉంటాయి. "మా దగ్గర లేవు" అని దరఖాస్తును తిప్పి ఇవ్వడం చట్టవిరుద్ధం. సెక్షన్ 6(3) ప్రకారం అయిదు రోజుల్లోపు సంబంధిత కార్యాలయానికి బదిలీ చేసి, ఆ సంగతి మీకు రాతపూర్వకంగా తెలపాలి. అయినా రెండుచోట్లా విడివిడిగా దరఖాస్తు పెట్టుకుంటే కాలం కలిసివస్తుందన్నది నా సలహా. మున్సిపాలిటీలో ఇంజినీరింగ్ విభాగం అదే కార్యాలయంలో ఉంటుంది కనుక ఒక్క దరఖాస్తు సరిపోతుంది.

ప్రత్యేకమైన ఫారం ఏదీ చట్టం తప్పనిసరి చేయలేదు. తెల్లకాగితం మీద తెలుగులో రాస్తే చాలు. ఎందుకు అడుగుతున్నారో చెప్పనక్కర్లేదు, చెప్పమని అడిగే అధికారమూ వారికి లేదు. రాయడం రానివారు నోటితో చెబితే దాన్ని రాతలో పెట్టడానికి సాయపడవలసిన బాధ్యత పౌర సమాచార అధికారిదే. ఈ హక్కు పౌరులందరిదీ కనుక, భారత పౌరసత్వం ఉండి విదేశాల్లో పనిచేస్తున్నవారు కూడా తమ ఊరి పని గురించి దరఖాస్తు చేయవచ్చు. దరఖాస్తు ఇలా ఉండవచ్చు:

"పౌర సమాచార అధికారి గారికి, (కార్యాలయం పేరు, చిరునామా). సమాచార హక్కు చట్టం, 2005 సెక్షన్ 6(1) కింద దరఖాస్తు. (వార్డు నంబరు)లో (ఫలానా ఇంటి) నుంచి (ఫలానా గుడి) వరకు (సంవత్సరం)లో వేసిన సిమెంటు రోడ్డు పనికి సంబంధించి: 1. పరిపాలనా మంజూరు, సాంకేతిక మంజూరు ఉత్తర్వులు, మంజూరైన ఎస్టిమేట్, 2. కాంట్రాక్టు అగ్రిమెంటు, వర్క్ ఆర్డరు, 3. ఈ పని కొలతలు నమోదైన ఎం-బుక్ పేజీలు, 4. క్వాలిటీ కంట్రోల్ పరీక్షల నివేదికలు, 5. ఇప్పటివరకు చెల్లించిన బిల్లులు. వీటి ధ్రువీకరించిన నకళ్లు ఇప్పించగలరు. నేను భారత పౌరుడిని. దరఖాస్తు ఫీజు జతచేశాను."

కింద పేరు, చిరునామా, తేదీ, సంతకం ఉండాలి. పని ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో స్పష్టంగా రాయండి. "మా మండలంలో పదేళ్లలో వేసిన రోడ్లన్నీ" అని రాస్తే, రికార్డుల భారం చూపించి నకళ్లకు బదులు కార్యాలయానికి వచ్చి చూసుకోమంటారు.

ఫీజు రెండు రాష్ట్రాల్లోనూ తక్కువే. గ్రామస్థాయి కార్యాలయానికి ఏమీ లేదు, మండలస్థాయికి 5 రూపాయలు, ఆపై కార్యాలయాలకు 10 రూపాయలు. నగదుగా కట్టి రసీదు తీసుకోవచ్చు, పోస్టల్ ఆర్డరు లేదా కోర్టు ఫీజు స్టాంపు జతచేయవచ్చు. మామూలు సైజు కాగితం నకలుకు పేజీకి 2 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు అందుకు రుజువు జతచేస్తే ఫీజు ఉండదు. దరఖాస్తును నేరుగా ఇస్తే మీ నకలు మీద తేదీ, ముద్ర, ఇన్‌వార్డు నంబరు వేయించుకోండి. వేయడానికి నిరాకరిస్తే అక్కడ వాదన పెట్టుకోకుండా స్పీడ్ పోస్టులో పంపి, రసీదును, అందినట్టు చూపే ట్రాకింగ్ కాగితాన్ని భద్రపరచండి.

నకళ్లతోనే హక్కు ఆగిపోదు. సెక్షన్ 2(జె) ప్రకారం జరుగుతున్న పనిని, రికార్డును తనిఖీ చేయవచ్చు, వాడుతున్న సామగ్రి ధ్రువీకరించిన నమూనాను కూడా కోరవచ్చు. రోడ్డు పని సాగుతున్నప్పుడే ఈ దరఖాస్తు పెడితే ఫలితం ఎక్కువ. నమూనాను మీ సమక్షంలో తీసి, సీలు వేసి, తీసిన చోటు, తేదీ రాసి, అధికారి సంతకంతో ఇవ్వమని దరఖాస్తులోనే స్పష్టంగా రాయాలి. నమూనాకు అయ్యే అసలు ఖర్చు మీరే భరించాలి. రికార్డుల తనిఖీకి మొదటి గంట ఉచితం, ఆ తర్వాత ప్రతి పావుగంటకు 5 రూపాయలు. ఇంత విలువైన ఏర్పాటు చట్టంలో ఉన్నా చాలా కొద్దిమందే వాడుకుంటున్నారు. రోడ్డు వేస్తున్న రోజుల్లోనే ఊరి యువకులు ఈ దరఖాస్తు పెట్టాలని నా కోరిక.

జవాబుకు గడువు 30 రోజులు. నకళ్లకు ఎంత కట్టాలో లెక్కతో సహా ఉత్తరం వస్తే, అది పంపిన రోజు నుంచి మీరు డబ్బు కట్టే రోజు వరకు ఆ గడువులో లెక్కించరు, కాబట్టి వెంటనే కట్టండి. కాంట్రాక్టరు ఇచ్చిన గోప్యమైన కాగితాలంటూ ఆయనకు నోటీసు ఇస్తే గడువు 40 రోజులవుతుంది. గడువు దాటాక ఇచ్చే సమాచారాన్ని సెక్షన్ 7(6) ప్రకారం ఉచితంగా ఇవ్వాలి.

తిరస్కరిస్తే ఏ సెక్షన్ కింద, ఏ కారణంతో అన్నది రాతపూర్వకంగా చెప్పాలి. విచారణ జరుగుతోందని సెక్షన్ 8(1)(హెచ్) మినహాయింపును చూపిస్తారు. సమాచారం ఇస్తే విచారణకు ఎలా అడ్డు వస్తుందో చూపాలి తప్ప, విచారణ ఉందనడం ఒక్కటే చాలదని ఢిల్లీ హైకోర్టు 2007లో చెప్పింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సమాచార హక్కు చట్టంలోని సెక్షన్ 8(1)(జె)ను మార్చి, వ్యక్తిగత సమాచారం అన్న మినహాయింపును మునుపటికంటే విశాలం చేసింది. ఇది ఈ హక్కుకు తగిలిన పెద్ద దెబ్బ అని నా అభిప్రాయం. అందుకే కాంట్రాక్టరు ఆధార్, బ్యాంకు ఖాతా వంటివి అడగకండి, మీకు వాటితో పని లేదు. కాగితంలో అలాంటి వివరాలుంటే వాటిని కప్పి మిగతాది ఇవ్వాలని సెక్షన్ 10ని ఉదహరించండి.

ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది అసంపూర్తిగా ఉన్నా, తర్వాతి 30 రోజుల్లోపు అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు చేయాలి. దీనికి ఫీజు లేదు. ఆ అధికారి 30 రోజుల్లో, కారణాలు రాసి పొడిగిస్తే మొత్తం 45 రోజుల్లో తేల్చాలి. అప్పటికీ ఫలితం లేకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు చేయాలి. ఇక్కడ ఆలస్యం ఎక్కువ. తెలంగాణ కమిషన్‌లో 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే వరకు కమిషనర్లే లేరు. కాబట్టి మొదటి అప్పీలులోనే పని అయ్యేలా, ఏ అంశానికి ఏ కాగితం అందలేదో వరుసగా రాయండి.

కమిషన్‌కు సెక్షన్ 18 కింద ఫిర్యాదు వేరు, సెక్షన్ 19 కింద అప్పీలు వేరు. ఫిర్యాదు మీద కమిషన్ జరిమానా వేయగలదు కానీ సమాచారం ఇప్పించజాలదని సుప్రీంకోర్టు 2011 డిసెంబరులో స్పష్టం చేసింది. కాగితాలు కావాలంటే అప్పీలే చేయాలి. తిరస్కరణ సబబేనని రుజువు చేసుకోవలసిన భారం సెక్షన్ 19(5) ప్రకారం అధికారిదే. రెండో అప్పీలుకు దరఖాస్తు, ఫీజు రుజువు, పోస్టు రసీదులు, మొదటి అప్పీలు, వచ్చిన జవాబుల నకళ్లు జతచేసి, సెక్షన్ 20 కింద రోజుకు 250 రూపాయల చొప్పున, గరిష్ఠంగా 25,000 రూపాయల వరకు జరిమానా విధించాలని ఆ అప్పీలులోనే కోరండి.