చివరి గదికి వేడి చేరిన విధం

మా ఇంట్లో గదులను వెచ్చబరచడానికి బాయిలర్ నీటిని కాచి, గొట్టాల ద్వారా ప్రతి గదిలోని రేడియేటర్ అనే లోహపు పలకకు పంపుతుంది. బాయిలర్‌కు దగ్గరి గదిలో ఉక్కపోస్తుంటే, చివరి గదిలోని రేడియేటర్ గోరువెచ్చగానే ఉండేది. పైభాగం మాత్రమే చల్లగా ఉంటే లోపల గాలి చేరిందని అర్థం. ఇది అంతటా ఒకే తీరుగా ఉండటంతో లోపం నీటి ప్రవాహంలోనే ఉందని నిర్ణయించుకున్నాను. ముందుగా, గది వేడిని బట్టి రేడియేటర్‌లోకి నీటిని వదిలే థర్మోస్టాట్ వాల్వ్ తలను విప్పి చూశాను. అందులోని మైనం లేదా ద్రవం గది గాలి వేడికి వ్యాకోచించి, వాల్వ్‌లోని చిన్న సూదిని నొక్కి నీటి దారిని మూస్తుంది. గది చల్లబడితే స్ప్రింగ్ ఆ సూదిని తిరిగి పైకి నెడుతుంది. చాలాకాలం కదలిక లేకపోతే ఆ సూది బిగుసుకుపోతుంది. అప్పుడు దాన్ని మెల్లగా నొక్కి వదలాలే తప్ప, పట్టుకుని లాగకూడదు. ఊడితే నీరు చిమ్ముతుంది.

మా సూది చక్కగానే కదిలింది. అందువల్ల రేడియేటర్ రెండో చివరన మూత కింద ఉండే వాల్వ్ వైపు దృష్టి మళ్లించాను. నీరు సులువైన దారినే ఎంచుకుంటుంది కనుక, చివరి రేడియేటర్ వాల్వ్‌ను పూర్తిగా తెరిచి, దగ్గరి రేడియేటర్ల వాల్వ్‌లను కొద్దికొద్దిగా బిగిస్తూ, ప్రతిసారీ వేడి నిలకడకు వచ్చేదాకా ఆగాను. ఓపిక కావలసింది ఇక్కడే. థర్మోస్టాట్ తలను కప్పేస్తున్న కర్టెన్‌ను కూడా పక్కకు జరిపాను. కర్టెన్ వెనుక చిక్కుకున్న వేడిని గది వేడిగా భావించి వాల్వ్ ముందే మూసుకుంటుంది. ఇప్పుడు థర్మోస్టాట్ తలను 3వ అంకె వద్ద ఉంచితే ఆ గది సుమారు 20 డిగ్రీల సెల్సియస్ వద్ద నిలుస్తోంది.