ఒక హిట్ పాట చార్టుల జాతకం చదవడం ఎలా?

ఫ్రాంక్‌ఫర్ట్‌లో మైన్ నది ఒడ్డున శనివారాలు పాత సామాన్ల సంత జరుగుతుంది. ఒక వారం మ్యూజియంల పక్కన, ఇంకో వారం ఓస్ట్‌హాఫెన్ అనే రేవు వైపు. అరటిపళ్ల అట్టపెట్టెల్లో మ్యాక్సీ సీడీలు నిలబెట్టి ఉంటాయి. ఒకే పాట, దానివే మూడు నాలుగు మిక్స్‌లు, పల్చటి డబ్బా. తొంభైల నాటి యూరోడ్యాన్స్, అంటే యూరప్ క్లబ్బుల డ్యాన్స్ పాటలు, చాలావరకు ఆ పెట్టెల్లోనే దొరుకుతుంది. ఒక్క యూరోకి నాకు స్నాప్ బృందం చేసిన ‘రిథమ్ ఈజ్ ఎ డ్యాన్సర్’ దొరికింది. వాళ్లదీ ఈ ఊరే.

నేను ఆ పాట మొదట విన్నది 1993లో, రాజమండ్రిలో, మా వీధి కేబుల్లో వచ్చే ఎంటీవీలో. రికార్డింగ్ షాపులో ఖాళీ క్యాసెట్ ఇచ్చి ఎక్కించుకుంటే, షాపతను అట్ట మీద నీలం పెన్నుతో ‘స్నేక్ డ్యాన్సర్’ అని రాసిచ్చాడు. చాలా ఏళ్లు అదే పేరనుకున్నాను. అందుకేనేమో, ఇప్పుడు పాట దొరికితే దాని పుట్టుపూర్వోత్తరాలు తేల్చుకోనిదే నిద్రపట్టదు. ‘ప్రపంచమంతా నంబర్ వన్’ అని ఎవరైనా అంటే నమ్మకుండా, చార్టులు (ఏ వారం ఏ పాట ఎన్నో స్థానంలో ఉందో చూపే జాబితాలు) చూసి మీరే లెక్క తీసే పద్ధతి ఇది.

అన్నిటికన్నా ముందు డబ్బా తెరిచి చూడండి. నేనొకసారి తెరవకుండా కొని ఇంటికొస్తే లోపల పిల్లల క్రిస్మస్ పాటలున్నాయి. పై శనివారం వెళ్లి అడిగితే ఆ పెద్దాయన నవ్వి, అవి కూడా ఉంచుకోమన్నాడు.

సీడీ సరైనదే అని తేలాక సంవత్సరం చూడండి. ఈ పాట అసలు విడుదల 1992లో. 2003లో ఒక రీమిక్స్ వచ్చింది, దాని చార్టు ఖాతా వేరు. రెండూ కలిపేస్తే మీ లెక్క అంతా తప్పుతుంది. అనుమానంగా ఉంటే గడియారం పట్టుకుని దెబ్బలు లెక్కపెట్టండి. 1992 పాట నిమిషానికి 124 బీట్లు, అంటే పదిహేను సెకన్లలో 31. వంటింట్లో బల్ల మీద వేలితో కొట్టుకుంటూ లెక్కపెడితే సరిపోతుంది, మెషీన్లేం అక్కర్లేదు.

ఇక రాసినవాళ్ల పేర్లు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇదే. బెనిటెస్, గారెట్, ఆస్టిన్, బట్లర్ అని నాలుగు పేర్లుంటాయి. మొదటి ఇద్దరి కోసం ఎంత వెతికినా మనుషులు దొరకరు, ఎందుకంటే అవి మారుపేర్లు. అసలు మనుషులు మిఖాయెల్ మ్యున్‌ట్సింగ్, లూకా అంజిలొట్టి అనే ఫ్రాంక్‌ఫర్ట్ నిర్మాతలు. ఆస్టిన్ అంటే ఆ పల్లవి పాడిన థియా ఆస్టిన్. బట్లర్ అంటే ర్యాప్ చేసిన టర్బో బి. యూరోడ్యాన్స్‌లో ఇది మామూలే: వెనక ఇద్దరు నిర్మాతలు, ముందు ఒక ఆడగొంతు, ఒక ర్యాపర్. కాబట్టి బృందం పేరుతో ఒకసారి, నిర్మాతల పేర్లతో ఇంకోసారి వెతకండి.

ఇప్పుడు చార్టులు. నోటుపుస్తకంలో గళ్లు గీసి దేశం, తేదీ, స్థానం రాయండి. పక్కనే ఇంకో గడి తప్పకుండా ఉంచండి: ‘దేన్ని లెక్కపెట్టారు?’ చాలామంది వదిలేసేది దీన్నే.

జర్మనీలో ఈ పాట పది వారాలు ఒకటో స్థానంలో ఉంది. బ్రిటన్‌లో ఆరు వారాలు. అక్కడ తేదీలతో జాగ్రత్త. 1992 ఆగస్టు 2, ఆదివారం రేడియోలో చదివిన జాబితా మీద, ఆ వారం ముగిసే శనివారం, అంటే 8వ తేదీ వేస్తారు. ఒకచోట 2 అని, ఇంకోచోట 8 అని కనిపిస్తే రెండూ ఒకటే వారం. సరిచూసుకోవాలంటే ముందూ వెనకా చూడండి: దానికి ముందు ఒకటో స్థానంలో ఉన్నది జిమ్మీ నెయిల్ పాట, తర్వాత దాన్ని దించింది షామెన్ బృందం, సెప్టెంబర్ 19 చార్టులో. ఆగస్టు 8 నుంచి సెప్టెంబర్ 12 దాకా వేళ్ల మీద లెక్కేస్తే ఆరు సరిగ్గా వస్తాయి.

అమెరికాలో బిల్‌బోర్డ్ పత్రిక వేసే చార్టు హాట్ 100లో అదే పాట అయిదో స్థానం దగ్గర ఆగింది, అదీ 1993 జనవరిలో. బ్రిటన్ వాళ్లు అప్పట్లో షాపుల్లో అమ్మకాలే లెక్కపెట్టేవాళ్లు. అమెరికాలో అమ్మకాలతో పాటు రేడియోలో ఎన్నిసార్లు వేశారన్నదీ కలిపేవాళ్లు. ఆ ఒకటినీ ఈ అయిదునూ పక్కపక్కన పెట్టి అక్కడ గొప్ప హిట్టు, ఇక్కడ తక్కువ హిట్టు అనడం, వంకాయల తూకంతో వంకాయ కూర రుచిని పోల్చినట్టు ఉంటుంది.

దిగుమతి సీడీలనూ మర్చిపోకండి. టూరిన్ బృందం ఐఫెల్ 65 వాళ్ల ‘బ్లూ’ 1999లో బ్రిటన్‌లో అధికారికంగా విడుదల కాకముందే, బయటి దేశాల నుంచి తెప్పించిన సీడీలతోనే టాప్ 40లోకి వచ్చింది. సెప్టెంబర్‌లో ఒకటో స్థానానికి వెళ్లింది. ఇలాంటి పాటకి రెండు వరసలు రాయాలి.

స్నాప్ పాటకైతే 2008లో ఇంకో వరస కావాలి. బ్రిటన్‌లో ఒక మంచినీళ్ల సీసా ప్రకటనలో వాడాక అది మళ్లీ చార్టుకెక్కి 23 దాకా వెళ్లింది. 2007 నుంచి అక్కడ, షాపులో సీడీ లేకపోయినా డౌన్‌లోడ్లు లెక్కలోకి వస్తున్నాయి. అందుకే పదహారేళ్ల పాతపాట అంత సులువుగా తిరిగొచ్చింది.

నా పుస్తకంలో 1992కీ 2008కీ మధ్య ఒక పేజీ ఖాళీగా ఉంచాను. 2003 రీమిక్స్ సీడీ ఇంకా చేతికి రాలేదు. వచ్చే శనివారం ఓస్ట్‌హాఫెన్ వంతు.