నిద్రపోని కంప్యూటర్‌ని నిద్రపుచ్చడం ఎలా

స్క్రీన్ నల్లబడితే కంప్యూటర్ ఆగిపోయినట్టే అనుకుని లేచి వెళ్ళిపోయేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఓ రాత్రి గదిలో లైటు తీసేశాక ఎక్కడో ఫ్యాన్ సన్నగా తిరుగుతున్న చప్పుడు వినిపించి, వెళ్ళి క్యాబినెట్ మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా తగిలింది. పడుకుంది మానిటర్ ఒక్కటే, అసలు మెషీన్ పూర్తిగా మేలుకునే ఉంది.

లెక్క వేసి చూడండి. మామూలు డెస్క్‌టాప్ ఏ పనీ చేయకుండా ఊరికే ఆన్‌లో ఉన్నా, మానిటర్‌ని పక్కన పెడితేనే, సుమారు 40 నుంచి 80 వాట్ల దాకా లాగుతుంది. పెద్ద గ్రాఫిక్స్ కార్డు ఉంటే ఇంకా ఎక్కువే. మధ్యస్తంగా 60 వాట్లు అనుకుని, రోజుకి 16 గంటలు అలా వదిలేస్తే దాదాపు ఒక యూనిట్, అంటే నెలకి దాదాపు 29 యూనిట్లు. అదే 16 గంటలూ స్లీప్‌లో ఉంటే 3 వాట్ల చొప్పున నెలకి ఒకటిన్నర యూనిట్ కూడా కాదు. ల్యాప్‌టాప్ ఖాళీగా ఉన్నప్పుడు లాగేదే తక్కువ కాబట్టి, ఇంట్లో రెండూ ఉంటే ముందు డెస్క్‌టాప్ సంగతి చూడండి.

మొదటి పని రెండు నిమిషాల్లో అయిపోతుంది. విండోస్‌లో సెట్టింగ్స్, అందులో సిస్టమ్, అందులో పవర్. అక్కడ స్క్రీన్ ఆరిపోవడానికి 5 నిమిషాలు, స్లీప్‌లోకి వెళ్ళడానికి 15 నిమిషాలు పెట్టండి. మీరు సినిమా చూస్తుండగా మధ్యలో నిద్రపోతుందేమోనన్న టెన్షన్ అక్కర్లేదు, వీడియో ప్లేయర్లు అలా జరగకుండా చూసుకుంటాయి (ఈ మంచి గుణమే మనల్ని తర్వాత ఏడిపిస్తుంది, ఆ సంగతి కింద చెప్తాను). డెస్క్‌టాప్ మ్యాక్ అయితే సిస్టమ్ సెట్టింగ్స్‌లోని ఎనర్జీ విభాగంలో, డిస్‌ప్లే ఆరిపోయాక కూడా కంప్యూటర్‌ని నిద్రపోనివ్వని ఆప్షన్ ఒకటి ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే తీసేయండి.

స్క్రీన్‌సేవర్ పెట్టుకుని పొదుపు చేస్తున్నామనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. అది పాతకాలం డబ్బా మానిటర్ల మీద ఒకే బొమ్మ ముద్రపడిపోకుండా పుట్టిన ఏర్పాటు, కరెంట్ ఆదా చేయడానికి కాదు. పైగా రంగురంగుల త్రీడీ స్క్రీన్‌సేవర్ అయితే ఖాళీగా ఉన్న గ్రాఫిక్స్ కార్డుకి పని కల్పించి మరీ కరెంట్ ఖర్చు పెట్టిస్తుంది.

ఇక స్లీప్, హైబర్నేట్, షట్‌డౌన్. స్లీప్‌లో ప్రాసెసర్ ఆగిపోతుంది, తెరిచి ఉన్న పనుల్ని గుర్తుంచుకునే ర్యామ్‌కి మాత్రం కాస్త కరెంట్ అందుతూ ఉంటుంది, అందుకే మౌస్ కదపగానే వదిలేసిన చోటే లేస్తుంది. కానీ స్లీప్‌లో ఉన్న డెస్క్‌టాప్‌కి గోడ దగ్గర స్విచ్ ఆపేస్తే మీరు సేవ్ చేయనిది పోవచ్చు. హైబర్నేట్ అయితే ర్యామ్‌లో ఉన్నదంతా డిస్క్ మీద రాసిపెట్టి పూర్తిగా ఆగిపోతుంది. గంటా రెండు గంటలు లేచి వెళ్తే స్లీప్, రాత్రంతా అయితే హైబర్నేట్ లేదా షట్‌డౌన్, ఇదీ నా పద్ధతి. విండోస్ పవర్ మెనూలో హైబర్నేట్ కనపడకపోతే కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరిచి, పవర్ బటన్లు ఏం చేయాలో ఎంచుకునే చోట దానికి టిక్ పెట్టండి.

మళ్ళీ ఆన్ చేసేటప్పుడే ఎక్కువ కరెంట్ లాగేస్తుంది కాబట్టి అలాగే వదిలేయడం నయం అనే మాట నమ్మకండి. ఆన్ అయ్యే ఆ నిమిషంలో ఖర్చయ్యేది, ఊరికే వదిలేస్తే కొద్ది నిమిషాల్లో ఖర్చయ్యేదానికి సమానం, అంతే.

అన్నీ పెట్టాక కూడా నిద్రపోకపోతే? చాలామంది ఇక్కడే విసిగిపోయి వదిలేస్తారు. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి. పవర్ అన్న పదానికి సీ, ఎఫ్, జీ అక్షరాలు కలిపితే వచ్చే కమాండ్ రాసి, స్పేస్ ఇచ్చి, స్లాష్ పెట్టి రిక్వెస్ట్స్ అని కొట్టండి. ఏ ప్రోగ్రామ్ నిద్ర ఆపుతోందో పేరుతో సహా చూపిస్తుంది. చాలాసార్లు దొంగ బ్రౌజర్‌లోనే దొరుకుతాడు, ఎక్కడో మూలన ట్యాబ్‌లో ఆడుతూ ఉన్న వీడియో రూపంలో.

ఇంకో రకం జబ్బు, నిద్రపోయినట్టే పోయి దానంతట అదే లేచి కూర్చోవడం. అప్పుడు అదే కమాండ్‌కి రిక్వెస్ట్స్ బదులు లాస్ట్‌వేక్ అని పెడితే చివరిసారి ఎవరు లేపారో తెలుస్తుంది. నా మెషీన్‌లో అది నెట్‌వర్క్ కార్డు. డివైస్ మేనేజర్‌లో దాని మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లోకి వెళ్తే పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో, కంప్యూటర్‌ని లేపే అనుమతికి ఒక టిక్ ఉంటుంది, తీసేశాను, గొడవ వదిలింది. ఎవరైనా బల్లకి తగిలితే మౌస్ కదిలి లేస్తోందా, మౌస్‌కీ అదే మందు, కీబోర్డుకి మాత్రం అనుమతి ఉంచుకోండి. ఇవేవీ కాకపోతే పవర్ ఆప్షన్స్ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో, ఫలానా టైంకి కంప్యూటర్‌ని లేపే వేక్ టైమర్లు ఉంటాయి, వాటిని డిజేబుల్ చేసి చూడండి.

మూత మూసి బ్యాగులో పెట్టిన ల్యాప్‌టాప్ కాసేపటికి కాలిపోతూ బయటికి వచ్చిందంటే అదీ ఈ జాతి సమస్యే. కొత్త ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో స్లీప్ అంటే ఫోన్‌లాగా సగం మెలకువ. మూత వేస్తే హైబర్నేట్ అయ్యేలా మార్చుకోండి.

షట్‌డౌన్ చేశాక కూడా మదర్‌బోర్డు కొద్దిగా లాగుతూనే ఉంటుంది. కొన్ని బయోస్‌లలో (కంప్యూటర్ ఆన్ అవగానే మొదట నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రామ్) ఈఆర్‌పీ అనే కరెంట్ పొదుపు ఆప్షన్ ఆన్ చేస్తే అది ఇంకా తగ్గుతుంది, కాకపోతే కంప్యూటర్ ఆపి ఉన్నప్పుడు యూఎస్‌బీ పోర్టులో ఫోన్ ఛార్జింగ్ అవదు. దీనికోసం బయోస్‌లో తలదూర్చే ఓపిక లేకపోతే కంప్యూటర్, మానిటర్, స్పీకర్లు, ప్రింటర్ అన్నిటినీ స్విచ్ ఉన్న ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకి పెట్టి, షట్‌డౌన్ పూర్తయ్యాక ఆ స్విచ్ ఆపేయండి. అప్‌డేట్ జరుగుతోంది, ఆపకండి అని స్క్రీన్ మీద ఉంటే మాత్రం ఆ స్విచ్ జోలికి పోవద్దు. రోజూ ఇలా పూర్తిగా ఆపేసే మెషీన్‌లో మదర్‌బోర్డు మీది బిళ్ళ బ్యాటరీ కాస్త తొందరగా అయిపోతుంది. కంప్యూటర్ గడియారం తప్పు టైం చూపిస్తోందంటే ఆ బ్యాటరీని మార్చాలని అర్థం.