ఇరుకింటి సర్దుడు – 4వ పాఠం: అటకెక్కించినవి దించుదాం రండి

పోయిన పాఠంలో "ముందు నేల ఖాళీ చేయండి, సామాను పైకి ఎక్కించండి" అని రాశాను. ఎక్కించారు. మహా బాగా ఎక్కించారు. ఏది ఎక్కించాలో, ఏది ఎక్కించకూడదో నేను రాయలేదు కాబట్టి సగం తప్పు నాదే. ఈసారి గోడల సంగతి చెప్పాల్సింది. అది ఆగనీయండి, సజ్జ మీద, అంటే అటక మీద, ఉండకూడనివాటిని ముందు దించుదాం.

మన తిరుపతి కొర్లగుంటలో రెండు గదుల పోర్షన్‌లో ఉండే ఒకావిడ ఒలిచిన చెనక్కాయ విత్తనాలు పది కిలోలు ఏప్రిల్‌లో సజ్జ మీద పెట్టింది. మే నెలాఖరుకు దించి చూస్తే ముక్కిపోయిన వాసన. "అక్కా, నువ్వు చెప్పినట్టే చేసినా కదా, ఇప్పుడు ఇవి యాడ పారబోసేది?" అని అడిగింది. యూనివర్సిటీ దగ్గర రూము తీసుకున్న నలుగురు పిల్లలు రోజూ కప్పుకునే దుప్పట్లు పైన పెట్టి, రాత్రయితే కుర్చీ వేసుకుని దించుకుంటున్నారట. చిత్తూరు నుంచి ఒకాయన రాసింది చదివి మాత్రం నాకు భయం వేసింది. చింతపండు జాడీ సజ్జ మీద పెట్టారు, దానికోసం డెబ్బై ఏళ్ల జేజి స్టూలు ఎక్కుతోందట. ఆ జాడీ ఈ రోజే దించండి. పాఠం తర్వాత చదవొచ్చు.

చెనక్కాయలు ఎందుకు పాడయ్యాయో చూద్దాం. మన ఊళ్లో ఎండాకాలం నలభై డిగ్రీలు దాటుతుంది. మిద్దె పొద్దున్నుంచి ఆ ఎండంతా తాగి, సాయంత్రం నుంచి తెల్లవారేదాకా లోపలికి వదులుతుంది. పై అంతస్తులో ఉన్నవాళ్లకు ఇంట్లో అన్నిటికన్నా వేడి చోటు సజ్జే. వేడిగాలి పైకే చేరుతుంది, అక్కడ ఫ్యాను గాలి తగలదు. నూనె ఉన్న గింజ ఏదైనా అక్కడ చెడుతుంది. మందుబిళ్లలు, కొవ్వొత్తులు, పాత ఫోటోల ఆల్బమ్‌లు కూడా అంతే. కింది పోర్షన్‌లో ఉన్నవాళ్లకు ఈ బాధ తక్కువ, కాబట్టి పక్కింటావిడ పెట్టిందని మీరూ పెట్టేయకండి.

మరి అక్కడ ఉండాల్సినవి ఏవి? ఏడాదికి ఒకటి రెండుసార్లు దించేవి. మా ఇంట్లో దసరా కొలువు బొమ్మలు, పాత పంచె ముక్కల్లో చుట్టి ట్రంకుపెట్టెలో. వాటి పక్కన పెళ్లికి, పేరంటానికి తీసే ఇత్తడి బోకులు. అంతే. బరువైనవి గోడ వైపుకు జరపండి. సజ్జకు పట్టు గోడలోనే ఉంటుంది, ముందు అంచు గాల్లో వేలాడేదే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలకు బయటి గోడ చెమ్మ లాగుతుంది కాబట్టి పెట్టెకూ గోడకూ మధ్య నాలుగు వేళ్ల సందు వదలండి. పట్టుచీరలు అక్కడ వద్దు. ఎందుకు వద్దో పట్టుచీర ఉన్న ఎవరికైనా తెలుసు.

పరుపులూ దుప్పట్లూ ఎక్కడ పెట్టాలని చాలామంది అడిగారు. తిరుపతిలో కాపురం అంటే సగం సత్రం నడపడమే. దర్శనానికి వచ్చేవాళ్లు మన వీధి మలుపు దాకా వచ్చి ఫోన్ చేస్తారు. బ్రహ్మోత్సవాలప్పుడు ఆ ఫోన్ కూడా ఉండదు, నేరుగా తలుపు తడతారు. అందుకే చుట్టాల పక్కలు ఐదు నిమిషాల్లో చేతికి రావాలి, సజ్జ మీద ఉంటే రావు. నేను చేసేది చెబుతాను, నచ్చితే చేయండి. బొంతలు, రగ్గులు గట్టిగా చుట్టి పొడుగాటి దిండు కవర్లలో దూర్చి దివాన్ మీద గోడకు ఆనించేస్తాను. పగలు ఆనుకోవడానికి, రాత్రి కప్పుకోవడానికి. మా ఆయనకు ఆ దిండ్లు గట్టిగా ఉన్నాయని ఫిర్యాదు. పదేళ్లుగా అదే ఫిర్యాదు.

ఇక అసలు చిరాకు. సజ్జ చెడింది ఎండ వల్ల మాత్రమే కాదు, లోతు వల్ల కూడా. "మా అర చాలా లోతు అక్కా, ఎంత పెట్టినా పడుతుంది" అని గొప్పగా చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పట్టడం వేరు, దొరకడం వేరు.

మా వంటింట్లో కడప బండల అరలు రెండడుగుల లోతు. "ఎంత పడుతుందో చూడండమ్మా" అని కట్టిన మేస్త్రీ మురిసిపోయాడని మా అత్త చెప్పేది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఒకసారి అర మొత్తం బయటికి తీస్తే, వెనక వరసలో మూడు ఇంగువ డబ్బాలు దొరికాయి. మూడూ సీలు తీసినవే. కనపడనప్పుడల్లా ఇంకోటి కొన్నారన్నమాట. వాటితో పాటు పురుగు పట్టిన గసగసాలు, ఎవరి పెళ్లిదో తెలియని కుంకుమ భరిణె కూడా.

లెక్క వేద్దాం. పప్పులు పోసే స్టీలు డబ్బా అడ్డం సుమారు ఆరు అంగుళాలు. అర వెడల్పు మూడడుగులు, లోతు రెండడుగులు. వరసకు ఆరు, నాలుగు వరసలు, మొత్తం 24 డబ్బాలు. సంతోషమే. కానీ కళ్లకు కనపడేవి ఆరే. నాలుగో వరసలో మినప్పప్పు కావాలంటే ముందున్న మూడింటిని తీసి గట్టు మీద పెట్టాలి. గట్టు మీద అప్పటికే అట్లపిండి గిన్నె ఉంటుంది, అది స్టవ్ మీదికి పోతుంది. అవసరం తీరాక మూడూ తిరిగి లోపల పెట్టాలి. ఎవరు పెడతారు? రెండు రోజుల్లో గట్టు నిండిపోతుంది. అప్పుడు "ఇల్లు చాలడం లేదు" అంటాం.

అవే 24 డబ్బాలను ఏడు అంగుళాల లోతున్న చెక్కల మీద పెట్టండి. మూడడుగుల చెక్కలు నాలుగు, ఒక్కోదాని మీద ఒక్క వరస, ఆరేసి డబ్బాలు. గోడ ఎత్తు మూడున్నర అడుగులు చాలు. రెండడుగుల అర ఆరు చదరపుటడుగుల చోటు తింటుంది. ఇది రెండు చదరపుటడుగులు కూడా తినదు. తలుపు వెనక, ఫ్రిజ్ పక్క, స్నానాలగది గోడ చివర, ఏడు అంగుళాల చోటు ఏ ఇంట్లోనైనా దొరుకుతుంది. డబ్బాలు చదరంగా ఉంటే ఇంకా మేలు. గుండ్రటి డబ్బాలు పక్కపక్కన పెడితే వాటి సందుల్లో సుమారు ఐదో వంతు చోటు వృథా అవుతుంది. నావి గుండ్రటివే, పెళ్లికి వచ్చినవి, మార్చను. మీరు మార్చుకోండి.

లోతైన అరలు ముందే ఉన్నవాళ్లు బండలు పగలగొట్టుకోనక్కర్లేదు. వెనక సగం ఏడాది సరుకుకు వదిలేయండి: ఉప్పు వేసి కుక్కిన చింతపండు జాడీ, రాగులు, బెల్లం. జాడీలోంచి వారానికి సరిపడా చింతపండు తీసి ముందు చిన్న గిన్నెలో పెట్టుకోండి. జాడీని వారానికి ఒకసారే తాకుతారు. రెండో దారి, వెనక వరస కింద రెండేసి ఇటుకలు పెట్టి మీద పలక వేయడం. కొలువు మెట్టులా వెనకవి లేచి మూతలైనా కనపడతాయి. ఇల్లు అద్దెదైతే, మేకు కొడితే ఓనరు ఊరుకోకపోతే, మూడో దారి: అర లోతుకు సరిపోయే రేకు ట్రే ఒకటి, ముందు వైపు తాడు కట్టి. తాడు లాగితే వెనకవి ముందుకొస్తాయి. బీరువాలో చీరలకు కూడా ఇదే సూత్రం, కానీ అది విడిగా చెప్పాల్సినంత ఉంది.

గ్యాస్ సిలిండర్ విషయంలో మాత్రం ఈ తెలివి వాడొద్దు. తలుపులున్న అరలో మూసి పెట్టొద్దు. గ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే కిందే పేరుకుంటుంది. గాలాడే చోట నిలబెట్టే ఉంచండి.

అభ్యాసం. ఈసారి కష్టమైనదే ఇస్తున్నా. ఒక సుద్దముక్క తీసుకుని వారం రోజులు ప్రతి అర పక్కనా గీతలు గీయండి. ఒక వస్తువు అందుకోవడానికి ఇంకో వస్తువు జరపాల్సి వచ్చిన ప్రతిసారీ ఒక గీత. మూడింటిని జరిపితే మూడు గీతలు. ఇంట్లో అందరూ గీయాలి, "టీ పొడి యాడుంది?" అని అడిగే మగవాళ్లతో సహా. ఎనిమిదో రోజు ఎక్కువ గీతలున్న అర ఒక్కటే పూర్తిగా ఖాళీ చేయండి. తిరిగి ఒక్క వరసే పెట్టండి. మిగిలినవాటికి చోటు దొరికేదాకా అవి నేల మీదే ఉండనీయండి, కాలికి తగలనీయండి. మూడో పాఠంలో నేల ఖాళీ చేయమన్నది నేనే, తెలుసు.

వచ్చే పాఠం మంచం కింది చోటు గురించి. అంతదాకా సజ్జ మీంచి దించినవాటిని మంచం కిందికి తోసేయకండి. మీరు తోస్తారని నాకు తెలుసు.